ఉదాసీనత - ఉపేక్ష - నిర్భరత

తెలుగువారి చెరువులో తామరాకు ఉన్నది, దున్నపోతూ ఉన్నది. రెంటి మీదా నీరు నిలువదు. సంసారంలో ఉండియు దాని తడి అంటని మహనీయుని చూచి లోకం 'తామరాకు మీది నీటిబొట్టు' అని చేతులు జోడిస్తుంది. ఎంత మొత్తుకొన్నా చెవిని పెట్టనివాని చూచి 'దున్నపోతు మీద వాన కురిసినట్లు' అని విసుగుకొంటుంది. పైకి చూడబోతే ఇద్దరి తీరూ ఒక్కటే. ఇద్దరూ చలింపరు, ఇద్దరికీ పట్టింపు లేదు. అయినా ఒకరికి నమస్కారం, మరొకరికి తిరస్కారం. (పాపం, ఏ పాపమూ ఎరుగని మూగజీవికి ఈ అపకీర్తి అంటగట్టినవారెవరో!)

ఈ భేదం మాటల వినోదం మాత్రమే అయితే దానిని గూర్చి ఇంత ఆలోచించ పనిలేదు. కాని భక్తుల ఇండ్లలో ఇది నిత్యమూ ఎదురయ్యే చిక్కు. నిత్యారాధన కుంటుపడినది. తులసికోట ఎండినది. మంచం పట్టిన తల్లికి వేళకు మందు అందించేవారు లేరు. అడిగితే ఇంటి యజమాని, 'అంతా స్వామి చూచుకొంటాడు, నాకేమీ పట్టదు' అంటాడు. ఈ మాట విన్నవారు ఆయనను విరక్తుడని గౌరవించాలో, సోమరి అని మందలించాలో తెలియక తడబడతారు. ఒక్కొక్కప్పుడు ఆయనకే తెలియదు. అట్టి సందిగ్ధంలో దారి చూపేవి మాటలే. ఉదాసీనత, ఉపేక్ష, తాటస్థ్యం, నిర్లక్ష్యం, వైరాగ్యం, నిశ్చింత, నిర్భరత అని పెద్దలు ఇన్ని మాటలు ఏర్పరచినది ఊరికే కాదు. ఒకదాని చోట మరొకటి వాడినప్పుడు దోషం గుణమై కూర్చుంటుంది.

వీటిలో మిక్కిలి అన్యాయానికి గురియైనది 'ఉదాసీన' శబ్దం. 'ఉద్' అనే ఉపసర్గకు 'ఆసీన' చేరగా ఏర్పడిన మాట ఇది. ఎడముగా, మీదుగా కూర్చున్నవాడని అర్థం. కూర్చున్నవాడే గాని పడుకొన్నవాడు కాడు. నేటి వాడుకలో అధికారులు ఉదాసీనంగా ఉన్నారంటే పని చేయడం లేదని నింద. సంస్కృతంలో ఆ పదానికి ఈ దైన్యం లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజమండలాన్ని వర్ణిస్తూ, శత్రువు కంటె, విజయం కోరే రాజు కంటె, వారి నడుమనున్న మధ్యముని కంటె బలవంతుడై, వారికి వెలుపల ఉండి, అవసరమైతే వారిని అనుగ్రహించుటకు గాని నిగ్రహించుటకు గాని శక్తిగలవానికి ఉదాసీనుడని పేరు పెట్టినాడు. ఏమీ చేయలేక ఊరకున్నవానికి ఆ పేరు ఆయన ఇవ్వలేదు.

తటస్థుడన్న మాట దీనికి దగ్గరి చుట్టమే. తటమంటే గట్టు. ఏటిలో దిగక గట్టున నిలిచినవాడు తటస్థుడు. గట్టున నిలిచినవాడు ఈత రానివాడు కావచ్చు, గజ ఈతగాడూ కావచ్చు. ఎవరైనా మునిగిపోతున్నప్పుడు గాని ఆ తేడా తెలియదు.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో ఉదాసీన, మధ్యస్థ అనే రెండు పదాలు పక్కపక్కన వస్తాయి. రెండూ ఒకటే అయితే గీతాచార్యుడు రెండు మార్లు చెప్పడు గదా. శ్రీమద్రామానుజులు వీటి భేదాన్ని సూక్ష్మంగా విడదీసినారు. మేలు కోరుటకు గాని కీడు కోరుటకు గాని తగిన కారణం కలుగనందున రెంటికీ దూరంగా ఉన్నవాడు ఉదాసీనుడు. పుట్టుకతోనే ఆ రెండూ లేనివాడు మధ్యస్థుడు. శంకరభగవత్పాదుల వ్యాఖ్య వేరొక దారిని పోతుంది. ఏ పక్షమూ వహింపనివాడు ఉదాసీనుడు, కలహించే ఇద్దరికీ మేలు కోరువాడు మధ్యస్థుడు. ఏ వ్యాఖ్యను అనుసరించినా ఒక్కటి స్పష్టం. ఉదాసీనుని హృదయంలో ద్వేషం లేదు, పక్షపాతం లేదు. మొద్దుతనం ఉన్నదని మాత్రం ఎవరూ అనలేదు.

అసలు రహస్యం పన్నెండవ అధ్యాయంలో ఉన్నది. భగవంతునికి ప్రియుడైన భక్తుని లక్షణాలను చెప్పే చోట 'దక్ష' శబ్దం, దానిని వెన్నంటి 'ఉదాసీన' శబ్దం వస్తాయి. సమర్థుడు, చురుకైనవాడు దక్షుడు. పట్టనివాడు ఉదాసీనుడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లు ఇమిడినవి? గీతను పారాయణ చేసేవారు చాలమంది ఈ చోట ఆగరు. ఆగవలసిన చోటు ఇదే. శ్రీరామానుజులు ఆగినారు. శాస్త్రం విధించిన కర్మను చేపట్టుటలో సమర్థుడని దక్ష శబ్దానికి అర్థం చెప్పి, ఉదాసీన శబ్దానికి ముందు 'అన్యత్ర' అనే చిన్న మాటను చేర్చినారు. అనగా తక్కిన చోట్ల ఉదాసీనుడు. విహితమైన దానియందు దక్షత, తక్కినదానియందు ఉదాసీనత. ఈ ఒక్క 'అన్యత్ర' శబ్దాన్ని మరచినందువల్లనే ఉదాసీనత నిందాపదమైపోయినది. తల్లికి మందు ఇచ్చుట 'అన్యత్ర' అనే గంపలో వేయదగినది కాదు. పొరుగువాడు మేడ కట్టినాడా, తనకు సభలో ముందువరుస దొరికినదా, పెండ్లిలో తన పేరు ముందు పిలిచినారా, ఇవీ ఆ గంపలోనివి. ఆచరణలో లోకం తలక్రిందులుగా నడుస్తుంది. ముందువరుస దగ్గర మహాదక్షులు, మందు దగ్గర మహోదాసీనులు!

తామరాకు ఉపమానం కూడా గీతలోనిదే. ఐదవ అధ్యాయంలో అది ఎవరిని గూర్చి చెప్పబడినదో గమనించాలి. కర్మ మానినవానిని గూర్చి కాదు. కర్మలను బ్రహ్మమునందు నిలిపి, సంగం విడిచి, వాటిని చేస్తూ ఉన్నవానిని గూర్చి. నీటిలో ఉన్న ఆకుకే ఆ ఉపమ చెల్లుతుంది. గట్టున ఎండిన ఆకుకూ నీరంటదు, కాని దానిని ఎవరూ పొగడరు.

పరమాత్మ సైతం తొమ్మిదవ అధ్యాయంలో తాను ఉదాసీనుని వలె ఆసీనుడనై ఉన్నానని చెప్పుకొన్నాడు. అక్కడ 'వలె' అనునది ప్రాణం. జీవుల సుఖదుఃఖ భేదాలు వారి వారి కర్మలను బట్టి ఏర్పడేవి గనుక ఆ వైషమ్యం తనకంటదని తాత్పర్యం. ఆ శ్లోకం తొమ్మిదవది. అదే అధ్యాయంలో ఇరువదిరెండవ శ్లోకానికి వచ్చేసరికి, అనన్యచింతనతో తన్ను ఉపాసించేవారి యోగక్షేమాలను తానే వహిస్తానని ఆయనే అంటాడు. పట్టనట్లు కూర్చున్నవాడు పదమూడు శ్లోకాలు గడిచేసరికి బరువు మోస్తున్నాడు. గజేంద్రుని మొర విన్నప్పుడు ఆ స్వామి పరుగును పోతన వర్ణించిన తీరు తెలుగునాట పిల్లలకు సైతం తెలిసినదే. శ్రీదేవికి చెప్పలేదు, శంఖచక్రాలను ధరింపలేదు, పరివారాన్ని పిలువలేదు. అదీ ఒక విధమైన లెక్కలేనితనమే. ఆర్తుని తప్ప తక్కిన సమస్తాన్నీ ఆ క్షణాన స్వామి లెక్కచేయలేదు.

ఇక ఉపేక్ష. 'ఉప' అనగా దగ్గర, 'ఈక్ష' అనగా చూపు. దగ్గరనుండి చూస్తూ ఊరకుండుట. కన్ను పనిచేస్తుంది, చేయి పనిచేయదు. దీనికీ రెండు ముఖాలున్నవి. పతంజలి యోగసూత్రాలలో మైత్రి, కరుణ, ముదితలతోపాటు ఉపేక్ష నాలుగవదిగా చిత్తప్రసాదానికి సాధనం. పాపప్రవృత్తి కలవారిని చూచి మనసు కలత పెట్టుకొనక తొలగుట అక్కడి ఉపేక్ష. కామందకుని నీతిసారం దానిని రాజోపాయాలలో ఒకటిగా లెక్కించినది. కాని సమర్థుడు అధర్మాన్ని చూస్తూ చేతులు ముడుచుకొన్నప్పుడు అదే ఉపేక్ష ఘోరపాపం. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు నోరు మెదపలేదు. ధర్మగతి సూక్ష్మమని భీష్ముడు తప్పుకొన్నాడు. పలికినది దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు, దాసీపుత్రుడు విదురుడు. తెలిసియు ప్రశ్నకు బదులు చెప్పనివానికి అసత్యదోషంలో సగం చెందుతుందని, ప్రహ్లాదుడు తన కుమారుడు విరోచనునికి, సుధన్వునికి నడుమ తీర్పు చెప్పిన కథను విదురుడు ఆ సభకు వినిపించినాడు. సభ వినలేదు.

ఆ తరువాత శ్రీకృష్ణుడు రాయబారియై అదే వంశపు సభకు వచ్చినాడు. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వంలో ఆ సందర్భాన రచించిన పద్యం కంఠస్థం కాని పాతకాలపు తెలుగు విద్యార్థి అరుదు. ధర్మసత్యాలు పాపంచేత, బొంకుచేత గట్టెక్కలేక చెడిపోతుండగా చూచి ఊరకుండుట ఆ ఊరకున్నవారికే చేటని దాని భావం. అక్కడ తిక్కన వాడినది ఉపేక్ష శబ్దమే. ఉపేక్ష చేసినవారికి ఆయన వేసిన పేరు 'దక్షులు'. గీతలో భక్తుని గుణంగా ఉదాసీనతకు పక్కన నిలిచిన దక్షతయే ఇక్కడ ఉపేక్షకు పక్కన నిలిచి దోషాన్ని రెట్టింపు చేస్తున్నది. చేతకానివాడు ఊరకుంటే అది అశక్తత. చేయగలవాడు ఊరకుంటేనే ఉపేక్ష. తిక్కన పదాలను త్రాసులో తూచి వాడతాడనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తక్కిన మాటలకు ఇంత చరిత్ర చెప్ప పనిలేదు. లక్ష్యమంటే గురి. గురి లేనిది నిర్లక్ష్యం. తెలుగులో లక్ష్యపెట్టుట అంటే మన్నించుట, లెక్కించుట అని వాడుక. ప్రమాదమన్న మాట మాత్రం ఒక చిత్రమైన ప్రయాణం చేసినది. సంస్కృతంలో దాని అర్థం ఏమరుపాటు. తెలుగులో ఏమరుపాటువల్ల వచ్చే ఆపద. కారణం పేరు కార్యానికి వచ్చి చేరినది. అయితే 'అప్రమత్తత' అన్నప్పుడు పాత అర్థం చెక్కుచెదరలేదు. ఆలస్యం కూడా అంతే. అక్కడ సోమరితనం, ఇక్కడ జాప్యం. గీత పదునాల్గవ అధ్యాయంలో ప్రమాదాలస్యనిద్రలను తమోగుణపు పాశాలుగా చెప్పిన చోట తెలుగు అర్థాలతో చదివితే, ఆపద, జాప్యం, నిద్ర అని వింతగా వినిపిస్తుంది. వైరాగ్యానికి నకిలీలను మన పెద్దలే ఎంచి పెట్టినారు. శ్మశానవైరాగ్యం, పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం. ఇల్లు చేరగానే, పురాణం ముగియగానే, బిడ్డ నవ్వగానే ఇవి తొలగిపోతాయి. ఉర్దూ నుండి వచ్చిన 'ఖాతరు చేయకపోవుట' అంటే ఎదుటివాని గౌరవాన్ని త్రోసివేయుట. తెలంగాణ పలుకుబడిలోని 'బేఫికరు' అంటే నిశ్చింత. దానిలో కొంచెం మందలింపు, కొంచెం ముచ్చట కలిసి ఉంటాయి. 'ఎవరికి వారే యమునాతీరే' అన్నప్పుడు మాత్రం ముచ్చట ఏమీ లేదు.

ఇన్ని మాటలలోనూ వైష్ణవులకు అతిసన్నిహితమైనది నిర్భరత. భరమంటే బరువు. తన్ను రక్షించుకొనే బరువును శ్రీమన్నారాయణుని పాదాలయందు ఉంచుట భరన్యాసం. ఉంచినవాడు నిర్భరుడు. ఇంటి ఇల్లాలు దేవుని ముందు 'నీదే భారం తండ్రీ' అన్నప్పుడు ఆమె తెలిసియో తెలియకయో వేదాంతదేశికుల న్యాసదశకపు పరిభాషనే పలుకుతున్నది. ఇదే మాటకు తెలుగు కావ్యభాషలో 'నిండిన' అని వేరొక అర్థం ఉన్నది. ఆనందనిర్భరమంటే ఆనందంతో నిండినది. బరువు దించుకొనుట, నిండిపోవుట రెండూ ఒకే శబ్దంలో ఇమిడినవి.

ఈ నిర్భరతను బోధించుటకు సంప్రదాయంలో రెండు న్యాయాలు ప్రసిద్ధమైనవి. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొంటుంది. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోతుంది. జీవుని వైపునుండి కొంచెమైనా పట్టు ఉండాలని వడగలైవారు, అదియు ఈశ్వరుని కృపయేనని తెంగలైవారు వ్యాఖ్యానిస్తారు. పిల్లిపిల్ల కథ విన్న సోమరికి ప్రాణం లేచివస్తుంది. తనకు చేయవలసిన పని ఏదీ లేదని ఆచార్యులే చెప్పినట్లు తోస్తుంది. కాని ఆచార్యులు చెప్పినది అది కాదు. మోక్షానికి ఉపాయం భగవంతుడే గనుక తన కర్మను ఉపాయమని నమ్ముకోరాదు. కైంకర్యం ఉపాయం కాదు, శేషభూతుడైన జీవునికి స్వభావం. ఉపాయబుద్ధిని విడిచినంత మాత్రాన కైంకర్యాన్ని విడువ వీలులేదు. సేవకుడు జీతం సంగతి మరచిపోవచ్చును. సేవ సంగతి మరచిపోతే సేవకుడే కాడు.

తిరుమల యాత్రికులు మహాద్వారం వద్ద గోడకు వ్రేలాడే గునపాన్ని చూచియే ఉంటారు. అది అనంతాళ్వాన్‌దని ప్రసిద్ధి. శ్రీరంగంలో శ్రీరామానుజులు తిరువాయ్‌మొళి ప్రవచనం చేస్తూ, తిరుమలలో పుష్పకైంకర్యానికి పోగలవారెవరని అడిగినప్పుడు, కొండమీది చలికి జంకక లేచి నిలిచినవాడు ఆయన ఒక్కడే. ఆయన తోట త్రవ్వి, పూలు పెంచి, మాలలు కట్టినాడు. చెరువు త్రవ్వకంలో గర్భవతియైన భార్యకు సాయపడ వచ్చిన బాలునిపై కోపించి గునపం విసరినాడని, స్వామి గడ్డానికి నేటికీ పచ్చకర్పూరం అద్దుటకు ఆ గాయమే కారణమని పెద్దలు చెబుతారు. ఆ కథ అందరికీ తెలుసు. నిర్భరతకు నిదర్శనమైనది మరొకటి ఉన్నది. ఒకనాడు పూలు కోస్తుండగా ఆయనను పాము కరచినది. విషం దించుకొమ్మని చుట్టుపట్లవారు తొందరపెట్టినారు. ఆయన కదలలేదు. కరచినది బలమైనదైతే విరజలో మునిగి వైకుంఠంలో సేవ చేస్తానని, కరవబడినది బలమైనదైతే స్వామిపుష్కరిణిలో మునిగి ఇక్కడనే సేవ చేస్తానని చెప్పి పూలు కోయడంలో మునిగిపోయినాడు. అనంతుడనగా ఆదిశేషుడే గదా, పేరులోని చమత్కారం కూడా అందులో దాగియున్నది.

ఈ గాథలో ఆయనకు పట్టనిదేది, పట్టినదేది? తన ప్రాణం ఉండుట, పోవుట పట్టలేదు. మాల వేళకు అందుట పట్టినది. మాల కట్టుతుండగా సాక్షాత్తు స్వామినుండియే పిలుపు వచ్చినా, కట్టుట ముగించిన తరువాతనే పోయినాడని కూడా పరంపరలో చెప్పుకొంటారు. ఒక పొరుగువానికి పాము కరచి ఉంటే ఆయన ఇట్లే పూలు కోస్తూ ఉండేవాడని ఎవరూ తలంపరు. తన విషయంలో నిర్భరత అనిపించుకొనేది ఎదుటివాని విషయంలో క్రౌర్యం. 'స్వామి చూచుకొంటాడు' అన్న మాట తన నొప్పిని గూర్చి చెప్పుకొన్నప్పుడు శరణాగతి. ఇతరుల నొప్పిని గూర్చి చెప్పినప్పుడు వట్టి ఉపేక్ష. మాట ఒక్కటే. ఎవరి గాయం మీద పలికినారనే దానిని బట్టి దాని జాతి మారిపోతుంది.

చరిత్రలో ఈ భేదం పరీక్షకు వచ్చిన సంవత్సరం 1323. ఢిల్లీ సేనలు శ్రీరంగంపై పడినప్పుడు, పిల్లిపిల్ల న్యాయాన్ని అనుసరించే తెంగలైవారికి పూజ్యతములైన పిళ్ళైలోకాచార్యులు అక్కడ ఉన్నారు. ఈశ్వరుడే ఉపాయమని, జీవుని పూనిక ఏమీ లేదని శ్రీవచనభూషణంలో వ్రాసిన మహనీయుడాయన. అంతా రంగనాథుడే చూచుకొంటాడని కన్నులు మూసుకొని కూర్చుండుటకు ఆయనకంటె అర్హుడు లేడు. ఆయన కూర్చుండలేదు. మూలమూర్తి సన్నిధికి అడ్డుగోడ కట్టించి, ఉత్సవమూర్తి నంపెరుమాళ్లను వెంటబెట్టుకొని, వృద్ధాప్యంలో అడవుల వెంట దక్షిణానికి సాగిపోయినారు. మధుర సమీపంలోని జ్యోతిష్కుడిలో ఆయన పరమపదించినారు.

ఆ విపత్తులోనే వేదాంతదేశికులు వృద్ధుడైన సుదర్శనసూరి అప్పగించిన శ్రుతప్రకాశికా గ్రంథాన్ని, ఆయన ఇద్దరు కుమారులను కాపాడి, శవాల నడుమ దాగి ఆ రాత్రి గడిపి, కన్నడదేశంలోని సత్యాగాలం చేరుకొన్నారని సంప్రదాయం చెబుతున్నది. నేడు శ్రీభాష్యాన్ని వ్యాఖ్యానసహితంగా చదువుకొనేవారు ఆ రాత్రికి ఋణపడియున్నారు. సత్యాగాలంలో ఉండగా దేశికులు అభీతిస్తవం రచించినారు. తన రక్షాభారాన్ని ఏనాడో స్వామియందు ఉంచి నిర్భరుడైన మహాత్ముడు, శ్రీరంగానికి భయం తొలగాలని ఆ స్తోత్రంలో వేడుకొన్నారు. తన భారం లేనివానికి శ్రీరంగపు భారం ఉన్నది. కోతిపిల్ల అన్నవారూ పిల్లిపిల్ల అన్నవారూ ఆనాడు చేసిన పని ఒక్కటే.

నంపెరుమాళ్లు లోకాచార్యుల అనంతరం చేతులు మారుతూ, కేరళ కన్నడ దేశాల మీదుగా తిరుమల చేరుకొన్నాడు. ఆలయంలో రంగనాయకుల మండపమని పిలువబడేది ఆయన విడిదిచేసి పూజలందుకొన్న తావు. ఆనాడు ఆయనను మోసినవారిలో అత్యధికుల పేర్లు కూడా మిగులలేదు. తమ పేరు నిలుచునా లేదా అన్నది వారికి పట్టిన విషయం కాదు. 1371లో విజయనగర ప్రభువుల పక్షాన చెంజి పాలకుడు గోపనార్యుడు స్వామిని శ్రీరంగానికి తిరిగి వేంచేపు చేయించినాడు.